హోబర్ట్ ప్రూయిట్ ఇనప్పెట్టె

హోబర్ట్ ప్రూయిట్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. బండిలో పిస్టల్ పెట్టుకున్న ప్రతివాడూ దానికి తాళం వేసి తీరాలి. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన మెత్తని మనిషి. ఏది పెట్టినా తింటాడు, ఏ పార్టీ గెలిచినా ఊరుకుంటాడు, ఓక్లహోమా సుడిగాలి పశువుల కొట్టం కప్పు ఎత్తుకుపోతే "పాతదేలే" అంటాడు. కానీ ఫలానావాడు పికప్పు ట్రక్కు డాష్‌బోర్డు అరలో పిస్టల్ పడేసి బజార్లోకి దిగాడని తెలిసిందా, ఇక ఆయనకి నిద్ర ఉండదు. అవతలివాడికీ ఉండనివ్వడు.

బెల్ ఫోర్క్ ఊళ్ళో ఇది చిన్న పిచ్చి కాదు. అక్కడ మనుషులు పన్నెండు వందలు, పికప్పులు పద్దెనిమిది వందలు. పిస్టళ్ళు ఎన్నో దేవుడికి తెలియాలి, లేదా హోబర్ట్‌కి తెలియాలి.

"నడుముకైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి. మూడో చోటు లేదు" అనేవాడు.

"సీటు కింద పెడితే?"

"దొంగ మొదట వంగేది అక్కడికే."

"డాష్‌బోర్డు అరలో?"

"వంగే ఓపిక లేని దొంగ చెయ్యి పెట్టేది అందులోనే."

ఆయన పికప్పులో సీటు కింద చిన్న ఇనప్పెట్టె ఉంటుంది. దాన్ని ఉక్కు తాడుతో సీటు ఇనుప కాలికి బిగించాడు. ముందు మూడు అంకెల చక్రాలు. పిస్టల్ ఆ పెట్టెలోకి చేరడం మామూలు తతంగం కాదు. దిగే చోట ఆ పని చెయ్యకూడదని ఆయన సిద్ధాంతం. నలుగురూ చూస్తారు, ఆ నలుగురిలో ఒకడు దొంగ. అందుకని ఎక్కడికి వెళ్ళినా అర మైలు ముందే బండి ఆపేవాడు. పిస్టల్ పెట్టెలో పెట్టి, మూత వేసి, చక్రాలు తిప్పి, తాడు లాగి చూసి, బండి దిగి రెండో పక్కనించి వచ్చి మళ్ళీ లాగి చూసేవాడు.

ఆదివారాలు చర్చికి అర మైలు ముందు, ఎండిపోయిన వాగు మీది వంతెన దగ్గర బండి ఆగేది. పక్క సీట్లో భార్య వెల్మా, పువ్వుల టోపీ పెట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని.

"ఇంకా ఎంతసేపు?"

"తాడు మెలిక పడింది."

"నువ్వు మెలిక తీసుకో. నేను వెళ్ళి రక్షణ పొందుతాను" అని ఆమె ఎత్తు మడమల జోళ్ళతో టకటకా నడిచి వెళ్ళిపోయేది. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఆయన ఆమెకంటే ముందు చర్చికి చేరలేదు.

పోస్టాఫీసు సంగతి ఇంకా కష్టం. అక్కడ భవనమే కాదు, పార్కింగు జాగా కూడా కేంద్ర ప్రభుత్వానిదే, పిస్టల్ తాళంలో ఉన్నా ఆ జాగాలోకి తేకూడదంటారు. కాబట్టి హోబర్ట్ రోడ్డుకి ఇవతల మంగలి షాపు ముందు బండి ఆపేవాడు. ఊరికే ఆపితే మర్యాద కాదని లోపలికి వెళ్ళి క్షవరం చేయించుకునేవాడు. ఆయన తల చూసి ఆ వారం ఎన్ని ఉత్తరాలు వేశాడో ఊళ్ళోవాళ్ళు చెప్పేసేవారు. క్రిస్మస్ కార్డులు పంపే నెలలో నెత్తి మీద ఈగ కూడా నిలిచేది కాదు.

వెనకద్దం మీద తుపాకీ కంపెనీ స్టిక్కరు కనిపిస్తే చాలు, ఆ బండి యజమానిని వెతికి పట్టుకునేవాడు. "ఇది స్టిక్కరనుకున్నావా నాయనా? దొంగకి అచ్చు వేయించిన శుభలేఖ. ముహూర్తం ఒక్కటే తక్కువ."

శుక్రవారం హైస్కూలు ఫుట్‌బాల్ ఆట అంటే ఊరంతా స్టేడియంలోనే. స్కూల్లోకి పిస్టల్ తేకూడదు గనక మగవాళ్ళందరూ బండ్లలో వదిలేసి వెళ్ళేవారు. హోబర్ట్ ఆట చూసేవాడు కాదు. నాలుగు వందల బండ్ల మధ్య వరసలు వరసలుగా తిరుగుతూ ప్రతి తలుపూ లాగి చూసేవాడు. తెరుచుకున్న ప్రతి తలుపుకీ లోపల మీట నొక్కి తాళం పడేలా మూసేవాడు. తాళంచెవులు లోపలే ఉన్నాయో లేవో చూడడం ఆయన బాధ్యత కాదు. దాంతో ఆట అయ్యాక సగం ఊరు తమ బండ్ల బయట నిలబడి ఆయన వంశాన్ని తలుచుకునేది.

ఒకసారి కొత్తగా వచ్చిన పోలీసు డెప్యూటీ టార్చిలైటు మొహాన కొట్టి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా? దీన్ని చట్టంలో ఏమంటారో తెలుసా?"

"సేవ అంటారు."

"దొంగతనానికి ప్రయత్నం అంటారు."

"అలాగా. మూడో వరస చివర్లో నీ జీపు తలుపు కూడా తెరుచుకుంది డెప్యూటీ. సీటు మీద పొడుగు తుపాకీ ఉంది. దాన్ని చట్టంలో ఏమంటారో నువ్వే చెప్పు."

డెప్యూటీ టార్చి ఆర్పేశాడు. ఆ తర్వాత ఆయన జోలికి ఎవరూ రాలేదు.

ఈ పిచ్చిని అందరికంటే దగ్గరగా భరించింది టామ్రా హాస్కెట్. ఊరి చివర పశువుల దాణా కొట్టు ఆమెది. హోబర్ట్ ఆమె తండ్రి ఓరెన్‌కి ప్రాణస్నేహితుడు, ఆమెకి చిన్నప్పట్నుంచీ బాబాయ్. నీటి బోర్డులో మీటర్లు చదివి రిటైరైన మనిషి. ఊళ్ళోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ ఉన్న పదకొండు వందల మీటర్ల నంబర్లూ ఇప్పటికీ ఆయన నాలుక చివరే ఉంటాయి. కొట్టుకి వస్తే "బాగున్నావా" అని అడగడానికి ముందు, "ఏడు సున్నా నాలుగు రెండు. మీ మీటరు దగ్గర చెమ్మగా ఉంది, గొట్టం చూపించుకో" అనేవాడు.

ఒక ఏడాది మార్చిలో టామ్రా తల్లి వానీటా పోయింది. నలభై మూడేళ్ళ కాపురం. ఓరెన్ ఏడవలేదు. మాట్లాడడం మానేశాడు, అంతే. ట్రాక్టరు ఇంజన్లు బాగుచేస్తూ, ఆ చప్పుడు మధ్య ఊరంతా వినపడేలా అరిచి బతికిన మనిషి, ఉప్పు అందించమని అడగడం ఇష్టం లేక చప్పిడి తిండి తినడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కాగానే పికప్పు తీసుకుని పాత డ్యాం దగ్గరికి వెళ్ళేవాడు. ఇంజను ఆపి, అద్దాలు ఎక్కించి, ఒక్కడే కూర్చునేవాడు. డాష్‌బోర్డు అరలో పిస్టల్ ఉందని టామ్రాకి తెలుసు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగింది. "నాన్నా, అది కొన్నాళ్ళు నా దగ్గర ఉంచనా?"

"ఎందుకు?"

ఆ 'ఎందుకు'కి జవాబు ఆమె గొంతు దాకా వచ్చింది. నోటిదాకా రాలేదు. "ఊరికే" అంది.

"ఊరికేనైతే ఉన్నచోటే ఉండనీ."

అప్పట్నుంచి మధ్యాహ్నం పూట ఆమె దాణా మూటలు తప్పు లెక్కపెట్టేది. చెవులు రోడ్డు మీదే ఉండేవి. పికప్పు వెనక్కి వచ్చిన చప్పుడు వినిపించాకే ఊపిరి తీసుకునేది. ఎవరికీ చెప్పలేదు. బెల్ ఫోర్క్‌లో ఒక మగవాడి గురించి అలాంటి భయం పైకి అనరు.

మే నెల మధ్యలో ఒక పొద్దున హోబర్ట్ చంకలో కొత్త ఇనప్పెట్టె పెట్టుకుని దిగాడు. కొట్టు వెనకే ఓరెన్ ఇల్లు, కొట్టు ముందే ఓరెన్ పికప్పు. కౌంటరు కిటికీలోంచి టామ్రాకి అంతా కనిపిస్తూనే ఉంది, వినిపిస్తూనే ఉంది.

"ఒరేయ్ ఓరెన్, నీ డాష్‌బోర్డు అర చూస్తే నాకు నాలుగు రోజులుగా కడుపులో మంట."

స్టీరింగు ముందు కూర్చున్న ఓరెన్ అద్దం ఎక్కించబోయాడు.

"పుట్టినరోజు కానుక తెచ్చాను."

"నా పుట్టినరోజు నవంబర్లో" అన్నాడు ఓరెన్. ఆ వారంలో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

"నవంబరు దాకా నా కడుపు ఆగదు. జరుగు."

ఎదురు చెప్పడం కంటే జరగడం తేలికనిపించి ఓరెన్ జరిగాడు. హోబర్ట్ సీటు కింద దూరి అరగంట మూలిగాడు. ఉక్కు తాడు సీటు కాలికి బిగించాడు. పిస్టల్ తీసి, తూటాలు దించి, రెండూ పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. చక్రాలు గిర్రున తిప్పాడు. లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఇప్పుడు ఏ దొంగ వచ్చినా ఏడ్చుకుంటూ పోవాల్సిందే."

"నంబరెంత?" అన్నాడు ఓరెన్.

హోబర్ట్ నోరు తెరిచాడు. మూశాడు. ఆకాశం వైపు చూశాడు. "ఇప్పుడే పెట్టాను కదరా."

"ఎంత?"

"మర్చిపోయాను."

తరవాతి పది నిమిషాలు ఓరెన్ హాస్కెట్ నోట వచ్చిన మాటలు చర్చి పత్రికలో వెయ్యదగ్గవి కావు. రెండు నెలలుగా దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. కౌంటరు వెనక టామ్రా దాణా మూట మీద కూలబడి ఆ తిట్లన్నీ చెవులారా వింది.

హోబర్ట్ అన్నీ విని, ఏమాత్రం తొణక్కుండా, "మూడు చక్రాలు. వెయ్యి నంబర్లు. రోజుకి పది చూద్దాం. వంద రోజుల్లో ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

"వెయ్యీ ఇవాళే చూద్దాం, కూర్చో!"

"కుదరదు. సున్నితమైన చక్రాలు. వేడెక్కితే అరిగిపోతాయి. పెట్టెతో వచ్చిన పుస్తకంలో రాశారు."

"ఏదీ పుస్తకం?"

"పారేశాను."

"ఇనుము కోసే గ్రైండరు పెట్టి కోసేస్తాను!"

"లోపల తూటాలున్నాయి. నిప్పురవ్వలు పడితే ఇద్దరం కలిసే వానీటాని చూడ్డానికి వెళ్తాం. ఆవిడ నన్ను చూసి సంతోషించదు. ఇంకో మాట. మధ్యలో ఎవరూ చక్రాలు ముట్టుకోకూడదు. బండి గతుకుల్లో తిప్పకూడదు. లెక్క తప్పితే మళ్ళీ మొదటికి."

డ్యాంకి వెళ్ళే దారంతా గతుకులే.

మర్నాడు ఏడు గంటలకల్లా హోబర్ట్ ఫ్లాస్కు నిండా కాఫీ, వెల్మా వేయించిన ఆపిల్ కజ్జికాయలు పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ పికప్పు ఎక్కారు. హోబర్ట్ వంగి చక్రాలు తిప్పుతాడు, ఓరెన్ పైకి చదువుతాడు, కాగితం మీద గీత పెడతాడు. సున్నా సున్నా సున్నా. రాలేదు. సున్నా సున్నా ఒకటి. రాలేదు. పది నంబర్లకి పది నిమిషాలు చాలు. వాళ్ళకి గంటన్నర పట్టేది. మూడో నంబరు దగ్గర కాఫీ, ఆరో నంబరు దగ్గర కజ్జికాయ, ఎనిమిదో నంబరు దగ్గర తగాదా. ఆదివారం సెలవు.

ఊరికి ఇంతకంటే వేడుక లేదు. "రాత్రిళ్ళు బండిలో పిస్టల్ వదలకూడదు, ఇంట్లోకి తెచ్చి తాళం వెయ్యాలి అని మా ప్రాణం తీశావు కదయ్యా? మరి ఇది నెల రోజులుగా బండిలోనే ఉందే!" అని మంగలి నిలదీశాడు.

"నీ ఇంట్లో తాళం నంబరు నీకు తెలుసు, నీ పెళ్ళానికి తెలుసు" అన్నాడు హోబర్ట్. "ఈ నంబరు ఈ లోకంలో ఒక్కడికీ తెలీదు. ఇంతకంటే భద్రం ఏ బ్యాంకులో ఉంది?"

టామ్రాకి మాత్రం పొద్దున్నే ఏడు గంటలంటే భయం. ఏదో ఒక రోజు టక్కున మూత లేస్తుంది. లేస్తే ఏమవుతుంది? పది నంబర్లూ అయిపోయి "రేపు చూద్దాం" అనే మాట వినిపించేదాకా ఆమె కిటికీ దగ్గర్నించి కదిలేది కాదు.

జూన్లో ఓరెన్ ఉప్పు అడిగాడు. జూలైలో, వెల్మా ఆపిల్‌కి బదులు పీచ్ పండు పెడితే బాగుంటుందని కబురు పంపాడు. ఆగస్టులో, టామ్రా కొట్టులో ఏడాదిగా మూలపడ్డ మూటలెత్తే బండిని విప్పి, దాని పుట్టుకని తిడుతూ, బాగుచేశాడు. సెప్టెంబరు మధ్యలో ఒక శనివారం తొమ్మిది తొమ్మిది తొమ్మిది దాకా చేరారు.

రాలేదు.

ఓరెన్ కాగితం చూశాడు. వెయ్యి గీతలు. హోబర్ట్ సీటు కిందనించి తల బయటపెట్టి, "ఎక్కడో తప్పు చదివావు. సోమవారం మొదటినించి మొదలెడదాం" అన్నాడు.

"సరే" అన్నాడు ఓరెన్.

ఆ మధ్యాహ్నం హోబర్ట్ కోళ్ళ దాణా కోసం కొట్టులోకి వచ్చినప్పుడు టామ్రా తలుపు మూసి, అడ్డంగా నిలబడింది.

"బాబాయ్, పదకొండు వందల మీటర్లు గుర్తున్న మనిషివి. మూడంకెలు మర్చిపోయావా?"

"నాలుగు ఒకటి మూడు" అన్నాడు హోబర్ట్, మూట భుజానికెత్తుకుంటూ.

"ఏంటీ?"

"నంబరు. నువ్వేగా అడిగావు."

టామ్రాకి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "మొదట్నించీ తెలుసా?"

"పెట్టింది నేనేగా."

"నాన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసింది?"

హోబర్ట్ మూట దించాడు. "ఎవడి బండిలో పిస్టల్ ఎక్కడుందో చూసుకుంటూ ముప్ఫయ్యేళ్ళు తిరిగాను టామ్రా. పిస్టల్‌ని చూసేవాడు దాని పక్కన కూర్చున్న మనిషిని చూడడా? ఊళ్ళో అప్పుడప్పుడూ ఒకడికి రోజులు బాగుండవు. అలాంటివాడొకడి పెట్టె తాళం విరిగింది. ఇంకొకడి తాళంచెవి చెరువులో పడింది. ప్రతిసారీ మతిమరుపంటే ఎవడు నమ్ముతాడు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "రోజుకి పదే ఎందుకు?"

"ఇరవై అయితే యాభై రోజుల్లో అయిపోతుంది. చాలదంది వెల్మా."

"నాన్న పసిగడితే?"

"ఓరెనా?" హోబర్ట్ నవ్వాడు. "ఇంజను తప్ప వాడికేం వినపడదు. ఆ నంబరు దగ్గర వేలు ఎలా జారించానో గాలికి కూడా తెలీదు. నువ్వు నిశ్చింతగా ఉండు."

సోమవారం ఏడు గంటలకి టామ్రా కిటికీ తెరిచింది. ఫ్లాస్కు వచ్చింది, పీచ్ కజ్జికాయలు వచ్చాయి, హోబర్ట్ మూలుగుతూ సీటు కిందకి వంగాడు.

"చదువు" అన్నాడు.

"నాలుగు ఒకటి మూడు" అన్నాడు ఓరెన్.

కిటికీ దగ్గర టామ్రా చేతిలోని గరిట జారి దాణాలో పడింది. పికప్పులో చక్రాలు తిరగడం ఆగిపోయింది. సీటు కిందనించి హోబర్ట్ గొంతు వినిపించింది.

"ఎప్పట్నించి?"

"జూలై. నాలుగో తేదీ, స్వాతంత్ర్య దినం పండగ మర్నాడు. నాలుగు ఒకటి రెండు తర్వాత రెండు టిక్కులు వినిపించాయి. ఒకటే వినిపించాలి. నలభై ఏళ్ళు ఇంజన్లు విని బతికినవాణ్ణిరా నేను."

"తెరిచావా?"

"తెరిచాను. ఆ మధ్యాహ్నమే."

టామ్రా కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది.

"తెరిచి?" అన్నాడు హోబర్ట్. ఆయన గొంతులో ధీమా లేకపోవడం ఆ ఊరు ఎప్పుడూ విని ఉండదు.

"చూశాను. కాసేపు కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న నువ్వొస్తావు. పెట్టె తెరిచి ఉంటే మిగతా ఐదు వందల ఎనభై ఆరు నంబర్లూ ఏం చేస్తావు, ఎక్కడికి పోతావు అనిపించింది. మూసేసి చక్రాలు తిప్పేశాను. మళ్ళీ ముట్టుకోలేదు."

హోబర్ట్ సీటు కిందనించి మెల్లిగా లేచాడు. మొహం ఎర్రగా ఉంది. ఏడుస్తాడేమోనని టామ్రా భయపడింది. ఆయన అరిచాడు.

"జూలైనించా! ఒరేయ్ దుర్మార్గుడా! రెండున్నర నెలలు! నా నడుము చూడు, విల్లులా వంగిపోయింది! వెల్మా రోజూ రాత్రి వేడినీళ్ళ సంచి పెడుతోంది! తెలిసి తెలిసి ఐదు వందల ఎనభై ఆరు నంబర్లు నాచేత ఊరికే తిప్పిస్తావా? మోసగాడా! స్నేహితుడికి ఎవడైనా అబద్ధం చెబుతాడా?"

ఓరెన్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పికప్పు కదిలింది. మార్చి నెల తర్వాత టామ్రా ఆ నవ్వు వినడం అదే మొదలు.

నవ్వు ఆగాక హోబర్ట్ బింకంగా కాఫీ పోశాడు. "అయితే తెరిచి తీసుకుంటావా?"

ఓరెన్ కప్పు అందుకున్నాడు. "ఇవాళొద్దు. దానికి తొందరేం లేదు. నువ్వు జరుగు. నీ నడుం పాడైందన్నావుగా, ఈసారి నేను తిప్పుతాను. నువ్వు గీతలు పెట్టు."

ఆయన కప్పు డాష్‌బోర్డు మీద పెట్టి సీటు కిందకి వంగాడు. హోబర్ట్ కొత్త కాగితం మడత విప్పి, పెన్సిలు మొన నాలుకకి తాకించి, సర్దుకుని కూర్చున్నాడు.

"సున్నా, సున్నా, సున్నా" అన్నాడు ఓరెన్.

"నెమ్మదిగా తిప్పు. ఒక్కటి కూడా వదలకూడదు" అన్నాడు హోబర్ట్, ఏమాత్రం సిగ్గు లేకుండా.